శాటిలైట్ అప్రోచ్ నేర్పడంలో నా అనుభవం

ఐఎల్ఎస్ (నేల మీది రేడియో సంకేతాలతో రన్‌వేకి దిగే పద్ధతి) బాగా వచ్చిన పైలట్‌కి ఆర్‌ఎన్‌పీ అప్రోచ్, అంటే ఉపగ్రహాల సాయంతో దిగే పద్ధతి, నేర్పేటప్పుడు, దారి నుంచి ఎంత పక్కకి పోయామో చూపే సూదిని మధ్యలో ఉంచడం మీద నేను పెద్దగా సమయం పెట్టను. అది వాళ్లకి ముందే వచ్చు. ఆ సూది ఈ క్షణంలో ఏ కొలతతో కదులుతోందో చెప్పమంటేనే తడబడతారు. అందుకే మొదటి పాఠాలు విమానంలో ఉండవు, నేల మీద జీపీఎస్ రిసీవర్ సిమ్యులేటర్ ముందే.

రిసీవర్‌లోని దారుల డేటాబేస్ 28 రోజులకోసారి మారుతుంది, గడువు చూడాలి. అప్రోచ్‌ని అందులోంచి పేరుతో లోడ్ చేయాలే తప్ప వేపాయింట్లు (దారిలోని గుర్తు బిందువులు) ఒక్కొక్కటిగా చేత్తో కొట్టకూడదు. అలా కట్టిన దారిలో రిసీవర్ అప్రోచ్ మోడ్‌లోకి వెళ్లదు. లోడ్ అయ్యాక ప్రతి లెగ్ (రెండు వేపాయింట్ల మధ్య భాగం) ట్రాక్‌నీ, అంటే దిశనీ, దూరాన్నీ చార్టుతో సరిచూడాలి. ట్రాక్‌లో ఒకటి రెండు డిగ్రీల తేడా అయస్కాంత లెక్కల వల్ల వస్తుంది. పెద్ద తేడా కనిపిస్తే ఆ అప్రోచ్ వద్దు.

స్థానం తేలడానికి 4 ఉపగ్రహాలు చాలు. తప్పుడు సిగ్నల్ ఉందని పసిగట్టడానికి 5 కావాలి, ఏది తప్పో తేల్చి తీసేయడానికి 6. జీపీఎస్ తేడాలను సరిదిద్దే వాస్, ఎగ్నోస్, గగన్ లాంటి వ్యవస్థ తోడు లేని రిసీవర్ అయితే, చేరే సమయానికి అటూ ఇటూ 15 నిమిషాలకు రెయిమ్ అంచనా (తప్పుడు సిగ్నల్‌ని పసిగట్టడానికి సరిపడా ఉపగ్రహాలు ఉంటాయా అన్నది) చూసుకునే బయల్దేరాలి.

ఎక్కువమంది తడబడేది స్కేలు మారే చోట. టెర్మినల్‌లో, అంటే విమానాశ్రయం చుట్టుపక్కల, సూది చివరికి వెళ్లిందంటే 1 నాటికల్ మైలు పక్కన ఉన్నట్టు. ఫైనల్‌లో, అంటే దిగే చివరి భాగంలో, ఎల్‌నావ్ (నిలువు దారి చూపని రకం) అయితే, 0.3 మైలే. ఆ చివరి భాగం మొదలయ్యే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి 2 మైళ్ల ముందు నుంచి స్కేలు క్రమంగా బిగుస్తుంది. అర మైలు పక్కన ఎగురుతున్నవాడికి సగంలో ఉన్న సూది, విమానం దారి మారకపోయినా, చివరికి పోతుంది. కంగారులో విమానాన్ని గట్టిగా తిప్పేస్తారు. ఆ 2 మైళ్లకు ముందే సూది మధ్యలో స్థిరపడాలని పట్టుబడతాను.

ఫిక్స్ దాటకముందు స్క్రీన్ మీద వెలిగిన, అప్రోచ్ రకం చెప్పే అక్షరాలను పైకి చదివిస్తాను. ఎల్‌పీవీ (ఉపగ్రహాలతోనే నిలువు దారి కూడా చూపే రకం) అని ముందుగా బ్రీఫ్ చేసి ఎల్‌నావ్ వెలిగితే మినిమా, అంటే రన్‌వే కనబడకుండా దిగగల కనిష్ఠ ఎత్తులు, మొత్తం మారిపోయినట్టే, పాత డీఏ (దిగాలా వద్దా అని తేల్చుకునే ఎత్తు) ఇక పనికిరాదు. అక్కడ చూపించే దూరం కూడా తర్వాతి వేపాయింట్‌కి, రన్‌వేకి కాదు. డీఎంఈకి (నేల మీది కేంద్రం నుంచి దూరం చూపే పరికరం) అలవాటుపడినవాళ్లు దీన్ని మర్చిపోయి తొందరగా దిగిపోతారు.

ఎల్‌నావ్/వీనావ్‌లో (నిలువు దారి కూడా చూపే ఇంకో రకం), బారో-వీనావ్‌తో ఎగిరితే, నిలువు దారి గాలి పీడనంతో ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ నుంచి వస్తుంది. క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టే స్థానిక గాలి పీడనం) 10 హెక్టోపాస్కల్ తప్పితే సుమారు 280 అడుగుల తేడా. 2022 మేలో పారిస్ చార్ల్స్ డీగాల్‌లో కంట్రోలర్ 1001కి బదులు 1011 అని చెప్పడంతో ఒక ఎ320 రన్‌వే ఇంకా రాకముందే రేడియో ఆల్టిమీటర్‌లో (రేడియో తరంగాలతో నేల నుంచి ఎత్తు కొలిచేది) 6 అడుగుల వరకు దిగిపోయి, గో-అరౌండ్ చేసింది, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెక్కింది. ఏ దూరంలో ఎంత ఎత్తు ఉండాలో చెప్పే దూరం–ఎత్తు పట్టిక చూసినా ఈ పొరపాటు దొరకదు, ఆ ఎత్తు చెప్పేది కూడా అదే ఆల్టిమీటర్ కదా! కంట్రోలర్ చెప్పిన అంకెను ఏటిస్‌తో (విమానాశ్రయం రేడియోలో ప్రసారం చేసే వాతావరణ సమాచారం) పోల్చడం, రేడియో ఆల్టిమీటర్ మీద కన్నేసి ఉంచడం, ఈ రెండే నేను నమ్ముకునే దారులు. చలి ఎక్కువైనా విమానం అసలు దారి కంటే కిందే ఉంటుంది. చార్టులో కనిష్ఠ ఉష్ణోగ్రత ఇచ్చేది అందుకే.

రన్‌వే కనబడకపోతే తిరిగి పైకెక్కాల్సిన మిస్డ్ అప్రోచ్ పాయింట్ దగ్గర చాలా రిసీవర్లు సస్పెండ్ అయి, తర్వాతి లెగ్‌కి వాటంతట అవి వెళ్లవు. ముందు పవర్, ముక్కు పైకి, ఎక్కడం మొదలయ్యాకే ఆ తర్వాతి లెగ్‌కి పంపే బటన్. పాయింట్ రాకముందే గో-అరౌండ్ చేస్తే ఎక్కుతూ నేరుగా పాయింట్ దాకా పోవాలి, అంతకుముందు మలుపు తీసుకోకూడదు. అడ్డంకుల లెక్క ఆ దారికే కట్టి ఉంటుంది.