కరెంటు పోయినా లెక్క ఆగలేదు

మాది అనంతపురం పక్క పల్లె. వాన, వేరుశనగ దిగుబడి లెక్కలు నా పరిశోధన. మా జిల్లాలో ఏడాదికి సగటున పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఎంత పడిందన్న దానికంటే ఏ వారంలో పడిందన్నదే పంటను తేలుస్తుంది. అందుకని రోజువారీ వానతో ఒక్కో మండలానికి మోడల్ వేలసార్లు నడపాలి. అది ల్యాప్‌టాప్‌తో అయ్యే పని కాదు, యూనివర్సిటీ క్లస్టర్ (కలిసి పనిచేసే చాలా కంప్యూటర్ల గుంపు) కావాలి.

పోయిన వేసవిలో ఇంటి నుంచి మొదటిసారి జూపిటర్ నోట్‌బుక్‌ను (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే సాధనం) లాగిన్ నోడ్‌లోనే, అంటే క్లస్టర్‌లో మొదట అడుగుపెట్టే కంప్యూటర్‌లోనే తెరిచాను. గంటలోపే అడ్మిన్ ఆపేసి మెయిల్ పెట్టారు. ఆయన చేసింది సరైన పనే. అది అందరూ వచ్చిపోయే చోటు, అక్కడ ఒకరు బరువు పని పెడితే మిగతావాళ్లకు ఫైలు తెరవడం కూడా కష్టం.

ఇప్పుడు స్లర్మ్‌ను (క్లస్టర్‌లో పనులను వరుసలో పెట్టి కంప్యూటర్లను పంచే సాఫ్ట్‌వేర్) కోర్లు, మెమరీ, టైము అడిగి, దానికి పని అప్పగించే ఎస్‌బ్యాచ్ స్క్రిప్టులోనే నోట్‌బుక్ మొదలుపెడతాను. ఏ కంప్యూట్ నోడ్ (లెక్కలు చేసే కంప్యూటర్) దొరికిందో ఎస్‌క్యూ అనే కమాండ్ చెబుతుంది. ఆ తర్వాత ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే నా ల్యాప్‌టాప్ నుంచి ఆ నోట్‌బుక్ దాకా భద్రమైన దారి వేయాలి.

నాకు రెండు రోజులు పట్టింది ఈ టన్నెల్ దగ్గరే. ఏమీ మార్చకపోతే జూపిటర్ తాను నడిచే నోడ్ లోపలి లోకల్‌హోస్ట్‌కే, అంటే ఆ కంప్యూటర్ లోపలి నుంచి వచ్చే పిలుపులకే జవాబిస్తుంది. నేనేమో లాగిన్ నోడ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి కంప్యూట్ నోడ్ 8888 పోర్టును (జూపిటర్ జవాబిచ్చే తలుపు నంబరు) తడుతున్నాను. ఎన్నిసార్లు చేసినా కనెక్షన్ రెఫ్యూజ్డ్. జూపిటర్‌కు ఐపీ 0.0.0.0 అని, అంటే బయటి నుంచి వచ్చే పిలుపులకూ జవాబివ్వమని పెడితే పని జరుగుతుంది. కానీ ఆ పోర్టు క్లస్టర్‌లో ఉన్న అందరికీ తెరుచుకుంటుంది, మన డేటాకు టోకెన్ (జూపిటర్ అడిగే రహస్య కోడ్) ఒక్కటే కాపలా. నాకది నచ్చలేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద జె ఆప్షన్ ఉంది. దాంతో లాగిన్ నోడ్ మీదుగా నేరుగా కంప్యూట్ నోడ్‌లోకే దిగి, టన్నెల్ అవతలి కొసను అక్కడి లోకల్‌హోస్ట్‌కు కలిపాను. మన జాబ్ (స్లర్మ్‌కు అప్పగించిన పని) నడిచినంతసేపు మా క్లస్టర్ ఇందుకు ఒప్పుకుంటుంది. అన్నిచోట్లా ఒప్పుకోరు, ముందే అడిగి తెలుసుకోండి. పోర్టు కూడా 8888 కాకుండా వేరే నంబరు పెట్టుకోండి, దాన్ని చాలామంది వాడుతుంటారు.

ఒక సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది, వైఫై పోయింది, టన్నెల్ తెగింది. నాకు ఒకటే టెన్షన్.

"పాపా, నీ లెక్క నిలబడిపాయనా?" అన్నాడు నాయన.

"ఏమో నాయనా, చూడాల" అన్నాను.

రాత్రి పదకొండుకు కరెంటు వచ్చాక మళ్లీ టన్నెల్ వేసి చూస్తే కెర్నల్ (నోట్‌బుక్‌లోని కోడ్‌ను నడిపే భాగం) నడుస్తూనే ఉంది. జాబ్ ఉన్నది అక్కడ, తెగింది నేను చూసే దారి. అయితే బ్రౌజర్ లేని ఆ నాలుగు గంటల్లో ప్రింట్ అయినదేదీ నోట్‌బుక్‌లో లేదు. ఒక్కో మండలం ఫలితాన్ని వేరే ఫైలులో రాయించి ఉండబట్టి బతికిపోయాను. జాబ్‌కు అడిగిన టైము అయిపోతే కెర్నల్ కూడా పోతుంది, ఫైళ్లే మిగులుతాయి.

పొద్దునకు పాత జిల్లా 63 మండలాల్లో 58 ఫైళ్లు వచ్చాయి. మిగతా ఐదింటికి మళ్లీ జాబ్ వేసి, మా మండలం ఫైలు తెరిచి నాయనకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని జూలై వారాల దగ్గర వేలు పెట్టాడు. "మనం విత్తనమేసిన వారం ఏదో చూపించు" అన్నాడు.