మాస్టారి పద్మిని

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో, పశువుల శాలలో, కొబ్బరి మట్టల కింద ఉంది ఆ ప్రీమియర్ పద్మిని కారు. 1983 మోడల్, స్టీరింగ్ పక్కనే చేతి గేరు. టైర్లు నేలలో దిగబడిపోయాయి, ఫ్లోరు చెయ్యి పెడితే రాలిపోతోంది. కానీ గ్రిల్లు, బంపర్లు, మీటర్లు అన్నీ కంపెనీవే. విజయనగరంలో పాత బండ్ల షెడ్డు పెట్టి పదకొండేళ్లయింది. ఇలాంటి బండి చూసినప్పుడు సంబరం మొహంలో కనబడకుండా నిలబడడం కూడా నా పనిలో భాగమే మరి.

బండి మాస్టారిది. ఆయన పోయాక మామ్మగారు ఒక్కరే ఉంటున్నారు. "ఎంతొస్తాదో నాకేటి తెలుస్తాది నాయినా, నీ ధర్మం, నువ్వే చెప్పు" అన్నారు.

"తుక్కుకి వేస్తే పాతిక వేలు కూడా రావండీ, నేను నలభై అయిదు ఇస్తాను" అన్నాను.

మాట నిజమే. కానీ దాన్ని తుక్కుకి వేసే ఉద్దేశం నాకు గడప దాటకముందే లేదు.

టింకరింగ్, పెయింటు, ఇంజన్ పని కలిపి నాలుగు నెలలు, 95 వేలు. హైదరాబాద్ ఆయన 2,60,000 ఇచ్చి తీసుకెళ్లాడు. ఒక డోరు వేరే బండిదని, కార్బురేటర్ మార్చానని ఆయనకి ముందే చెప్పాను. ఇలాంటి బండిని కొందరు 'వింటేజ్' అని అమ్ముతారు. 2021 నాటి కేంద్రం రూలు ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు ఫీజు, నంబరులో వీఏ అని వస్తుంది. ఈ బండికి 2033 దాకా ఆ యోగం లేదని కూడా చెప్పాను. బానెట్ ఎత్తి చూసుకోగలిగినవాడికి అన్నీ చెప్పాను. ఏమీ తెలీదన్న ఆవిడ దగ్గర నోరు మెదపలేదు.

మిగిలిన 1,20,000లో నా కష్టం ఉంది, దానికి సిగ్గుపడను. నన్ను తొలిచింది వేరే. డాష్‌బోర్డు అరలో ఒక నల్ల అట్ట నోటు పుస్తకం దొరికింది. ప్రతి ప్రయాణం మాస్టారి గుండ్రటి దస్తూరీలో: 'రామతీర్థం, 4 లీటర్లు'. 'పాపకి జ్వరం, పెద్దాసుపత్రి, రాత్రి 11'. హైదరాబాద్ ఆయన మొదట ఆ పుస్తకమే తిరగేశాడు. ఆ తర్వాత బేరం ఆడలేదు.

మొన్న సంక్రాంతికి 30 వేలు పట్టుకుని వెళ్లాను. ఆ అంకె ఎలా వచ్చిందంటే చెప్పలేను, జేబులోంచి తీయగలిగింది అంతే. మామ్మగారు కవరు విప్పకుండా గూట్లో పెట్టి, అరిసెలు పెట్టారు.

"బండిలో మీ మాస్టారి పుస్తకం ఒకటుండాల, నల్లది. అది తెచ్చావేటి?"

షెడ్డుకొచ్చి హైదరాబాద్‌కి ఫోన్ చేశాను. పుస్తకం ఇవ్వడానికి కుదరదన్నాడు. కావాలంటే పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు.