బీట్‌రూట్ తాగి మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడబాకండి

నెల్లూరులో ఇప్పుడు ఎవర్ని చూసినా పొద్దున్నే బీట్‌రూట్ జ్యూసే. మా బాబాయి కూడా ఏసీ స్టేడియంలో వాకింగ్ చేసొచ్చి పెద్ద గ్లాసుడు తాగేది మొదలుపెట్టాడు, మధ్యాహ్నం బాత్రూంలోంచి "ఒరే అబ్బయ్యా, రక్తం పడతాందిరా" అని ఒకటే కేక, ల్యాబ్‌కి పోదామని చొక్కా కూడా వేసేసుకున్నాడు. అదే జ్యూస్ తాగిన పిన్నికి మాత్రం ఏమీ లేదు, మామూలుగానే ఉంది!

అది రక్తం కాదు, బీటనిన్ అనే రంగు. చాలావరకు కడుపులో యాసిడ్‌కి, పేగుల్లో బ్యాక్టీరియాకి విరిగిపోతుంది, మిగిలిందాంట్లో కొంచెమే రక్తంలోకి ఎక్కుతుంది, దాన్ని కిడ్నీలు టికెట్ లేనోణ్ణి బస్సు దించేసినట్టు దించేస్తాయి. నూటికి ఓ పది, పద్నాలుగు మందికే ఇట్ట కనిపిస్తుందంటారు, ఐరన్ తక్కువున్నోళ్ళలో ఇంకా ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బీట్‌రూట్ తినకుండానే ఎర్రగా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

రంగున్నది కాబట్టి ఇది కంటికి కనపడింది గానీ మనం తినే ఆకుకూరలు, పళ్ళు, పసుపు అన్నిట్లో ఉండే ఇట్టాంటి పదార్థాలు చాలావాటికీ దాదాపు ఇదే గతి. పసుపులో కర్‌క్యుమిన్ చూడండి, నీళ్ళలో కరగదు, లోపలికి పోయిన కాస్తకి కూడా పేగు గోడా లివరూ కలిసి గ్లూకురోనిక్ యాసిడ్ లాంటివి తగిలించి నీళ్ళలో కరిగేట్టు మార్చి బయటికి తోసేస్తాయి, ఎక్కువ భాగం మోషన్‌లోనే పోతుంది. అందుకే కర్‌క్యుమిన్ క్యాప్సూల్ డబ్బాల మీద మిరియాలు కలిపామని అంత పెద్ద అక్షరాలు. 1998లో బెంగళూరు వాళ్ళు చేసిన స్టడీలో 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో మిరియాల్లో ఉండే పిపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగిందంట, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అసలు చేరేదే దాదాపు సున్నా అయినప్పుడు దానికి ఇరవై రెట్లంటే ఎంత చెప్పండి?

పైగా పిపెరిన్ చేసే పనేందంటే లివర్ బయటికి తోసే పనిని నెమ్మది చేయడం, అది పసుపు ఒక్కదానికే ఆగదు, కొన్ని బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు కూడా రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతాయి. చారులో వేసుకునే నాలుగు మిరియాలతో ఏం కాదులే, రోజూ మాత్రలు మింగేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఆ క్యాప్సూల్ తెప్పించుకునే ముందు మాత్రం డాక్టర్‌ని ఒక మాట అడగండి.