కాసిమేడు మరబోట్లు, నీలాంగరై తాబేళ్లు

2025 జనవరిలో చెన్నై ఒడ్డుకు వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. ఆ వార్త చదివాక ఉండబట్టలేక ఫిబ్రవరిలో రైలెక్కాను.

ముందు చెన్నైలోని కాసిమేడు చేపల హార్బరుకే వెళ్లాను. మరబోట్లలో పనిచేసే మన శ్రీకాకుళం వాళ్లు తెలుగు వినగానే కూర్చోబెట్టి టీ ఇప్పించారు. తాబేళ్ల సంగతి ఎత్తితే, వల బాగుచేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే చెప్పాడు: "వల పైకి లాగితేగానీ తెలీదు బాబూ. అప్పటికే సచ్చిపోయుంటాది. ఏటి సేస్తాం, నీళ్లలోకి ఇసిరేస్తాం."

తాబేలు గాలి కోసం పైకి రావాలి. గంటల తరబడి ఈడ్చే ట్రాలు వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. వలలో ఏటవాలుగా ఒక చట్రం, దాని దగ్గరే బయటికి దారి పెడితే, రొయ్యలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు బతికి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు దాన్ని తయారుచేసింది కూడా. వలల్లో అది ఉండట్లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది. ఆ దారిలోంచి చేపలూ పోతాయంటారు బోట్లవాళ్లు. వాటా మీద బతికే కూలీల భయం నాకు అర్థమైంది. బోటు ఓనర్లు అదే మాట అంటే మాత్రం ఒప్పుకోను.

రాత్రి నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా, 1988 నుంచి తాబేళ్ల గుడ్లు కాపాడుతున్న విద్యార్థి బృందంతో ఇసుకలో నడిచాను. దారిలో ఒక తల్లి తాబేలు పడి ఉంది. కళ్లు పొడుచుకొచ్చాయి, మెడ ఉబ్బింది, డిప్ప మీద చిన్న గాటు కూడా లేదు. టార్చి వెలుగులో దాని పొడవు కొలుస్తున్న కుర్రాడి చెయ్యి వణికింది. ఎదురుగా సముద్రంలో బోట్ల లైట్లు! ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల (దాదాపు 9 కిలోమీటర్ల) లోపల మరబోట్లు వేటాడకూడదని తమిళనాడులో రూలుంది.

అంటార్కిటికా దగ్గర చేపల దొంగవేట చేసిన 'థండర్' ఓడను, సముద్ర జీవుల్ని కాపాడే సీ షెపర్డ్ సంస్థ కార్యకర్తలు 110 రోజులు వెంటాడారు. 2015 ఏప్రిల్‌లో అది మునిగేదాకా వదల్లేదు. ఇక్కడ ఆ పని ఈ పిల్లలది కాదు, సర్కారు గస్తీ బోట్లది. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం మొదలయ్యేదే ఏప్రిల్ 15న. తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి దాకా. ఆ మూడు నెలలూ రాత్రి గస్తీ పెట్టాలని, చట్రం లేని వలతో బోటును హార్బరు దాటనివ్వొద్దని మత్స్యశాఖకు అర్జీ రాసి, చెన్నైలోనే రిజిస్టర్ పోస్టు చేశాను.