నీళ్లలో బండి ఆగిందా, ఆపారా?

వరద నీళ్లలోంచి వచ్చిన బండి షెడ్డు ముందు దిగితే నేను బానెట్ జోలికి వెళ్లకముందే డ్రైవర్‌ని ఒక మాట అడుగుతాను. "నీళ్లలో అదే ఆగిపోయిందా, నువ్వు ఆపావా?" చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు, తప్పు తన మీదకు తోస్తున్నానని అనుకుంటారు. నాకు తప్పుతో పనిలేదు. ఆ జవాబును బట్టే బండిలో ఏది ముందు విప్పాలో తేలుతుంది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు ఆటోనగర్‌లో ఏ షెడ్డు చూసినా బురద పట్టిన బండ్లే. మా దగ్గరికి వచ్చినవాటిలో రెండింటి గురించి చెప్తాను. రెండూ ఆరు టైర్ల బండ్లే, రెండూ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లే. ఒకటి ఇంటి ముందు పార్క్ చేసి ఉండగానే నీళ్లు పెరిగి క్యాబిన్ సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీసేదాకా రోజుల తరబడి అలాగే నిలబడి ఉంది. రెండోది నడుం లోతు నీళ్లలో కొద్ది దూరం నడిచి మధ్యలో ఆగిపోయింది, అదే సాయంత్రం ట్రాక్టర్‌తో లాగి బయటపడేశారు. చూసినవాళ్లంతా మొదటిదాని ఇంజిన్ పోయినట్టేనని, రెండోదానికి కాస్త ఆరబెడితే చాలని అన్నారు. జరిగింది సరిగ్గా తిరగబడి.

ముందు రెండోదాని సంగతి. ఆ డ్రైవర్ కుర్రాడు నిజమే చెప్పాడు. "ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది మేస్త్రి గారూ, అల కొట్టింది, ఒక్కసారిగా టక్కున ఆగిపోయింది. తర్వాత రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాను, కట్ కట్ అంది గానీ తిరగలేదు." ఇంక చెప్పక్కర్లేదు. బ్యాటరీ టెర్మినల్ విప్పించి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. షెడ్డులో ఎవరో ఒకరు ఉత్సాహంగా "ఒకసారి కొట్టి చూద్దాం" అంటారు, వాళ్ల కోసం.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతవరకు అందరికీ తెలుసు. ఎన్ని నీళ్లు చాలో మాత్రం చాలామందికి అంచనా ఉండదు. 3.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కి సుమారు 950 సీసీ. కంప్రెషన్ రేషియో (గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే లెక్క) 17.5 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చేసరికి మిగిలే చోటు 60 మిల్లీలీటర్ల లోపే. టీ బండి దగ్గరిచ్చే గ్లాసులో పట్టేన్ని నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ చోటు నిండాక పిస్టన్ ఇంకా పైకి వెళ్లాలని చూస్తే వంగేది దాన్ని ఇంజిన్ ఇరుసుకు (క్రాంక్‌కి) కలిపే కనెక్టింగ్ రాడ్డే. ఇంజిన్ స్పీడ్ మీద ఉండగా అయితే మరీ.

"గాలి పీల్చే మూతి క్యాబిన్ వెనకాల అంత పైన ఉంటే నీళ్లెలా పోతాయండీ?" అని ఓనర్ వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపలి కాగితం నానిపోయి ఉంది, అడుగున ఒండ్రు. డబ్బా కింద దుమ్ము రాలడానికి ఒక చిన్న రబ్బరు మూతి ఉంటుంది, మామూలప్పుడు పెదాలు మూసుకుని ఉంటుంది. ఈ బండికి అది లేదు. ఎప్పుడు ఊడిపోయిందో ఎవరికీ తెలియదు. డబ్బా ఛాసిస్ పక్కన, చక్రం ఎత్తులో ఉంటుంది. పైనున్న మూతి ఎంత ఎత్తులో ఉంటే ఏం, కింద కన్నం తెరిచే ఉంది కదా.

ఆయిల్ గేజ్ తీసి చూస్తే లెవెల్ పెద్దగా పెరగలేదు, రంగు కూడా మారలేదు. ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆయిల్ బాగుంటే చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, నీళ్లు పోలేదని మాత్రమే అర్థం, బోర్లలోకి, అంటే సిలిండర్లలోకి, పోలేదని కాదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఏ పైపు ఎక్కడిదో గుర్తులు పెట్టి, క్రాంక్ పుల్లీకి సాకెట్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పాం. మూడో కన్నంలోంచి నీళ్లు చిమ్మాయి. మిగతా వాటిలో తడి తప్ప ఏమీ లేదు. రెండు చుట్లు పూర్తిగా తిరిగాక, డీజిల్ లైన్ తీసేసి అప్పుడు సెల్ఫ్ కొట్టాం, కన్నాల ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకుండా. తర్వాత బోర్లలో కాస్త ఆయిల్ పోసి, ఇంజెక్టర్లకు కొత్త రాగి వాషర్లు వేసి బిగించి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి స్టార్ట్ చేస్తే ఇంజిన్ లేచింది. కొద్దిగా మిస్సింగ్, కొద్దిగా తెల్ల పొగ.

ఓనర్ మొహం వెలిగిపోయింది. "ఏం కాలేదు కదా, బండి ఇచ్చెయ్యండి, లోడు ఉంది" అన్నాడు. అన్నిటికంటే ప్రమాదం ఈ దశలోనే. రాడ్డు కాస్త వంగినా ఇంజిన్ నడుస్తుంది. లోడు లాగుతుంది. వారాలో నెలలో గడిచాక ఏ ఘాట్ మీదో అది విరిగి బ్లాకు పక్క నుంచి బయటికొస్తుంది, అప్పుడు వరద ఎవరికీ గుర్తుండదు.

అందుకే మళ్లీ ఇంజెక్టర్లు తీసి, సన్నటి నిటారు కడ్డీ దింపి, ఒక్కో పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఎంత లోతులో తగులుతుందో గీతలు పెట్టి చూశాను. మూడు గీతలు ఒక్కచోటే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది ఒక మిల్లీమీటర్ పైనే కిందికి ఉంది. కంప్రెషన్ గేజ్ పెట్టినా అదే తక్కువ చూపించింది. సిలిండర్ల పైమూత, అదే హెడ్డు, దించి చూపించాక గానీ ఓనర్ నమ్మలేదు. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) పైభాగంలో పిస్టన్ రింగు ఎక్కడిదాకా వస్తే అక్కడ మసి గీత పడుతుంది. మిగతా వాటిలో అది సన్నగా ఉంటే, మూడోదానిలో పాత మసికి కిందుగా కొత్తగా తడిపట్టీ కనిపించింది. పిస్టన్ స్కర్టు ఒకవైపే రాసుకుని మెరుస్తోంది. రాడ్డు విప్పి చదునైన పలక మీద పెడితే వంపు కంటికే తెలిసింది. రాడ్డు, పిస్టన్, లైనర్, బేరింగులు మార్చాం.

మునిగి నిలబడిన మొదటి బండి ఇంజిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చాంబర్ నట్టు వదులు చేస్తే ముందు నీళ్లే వచ్చాయి, ఆ వెనక ఆయిల్. ఇంజెక్టర్లు తీసి తిప్పితే సాఫీగా తిరిగింది, నాలుగు పిస్టన్లూ పైకి వచ్చినప్పుడు ఒకే ఎత్తుకు వస్తున్నాయి. ఆగి ఉన్న ఇంజిన్ నీళ్లను పీల్చదు, వాటంతట అవి దూరినా రాడ్డును వంచే బలం వాటికి లేదు. డీజిల్ ట్యాంకు దించి కడిగి, ఆయిల్ రెండుసార్లు మార్చాక స్టార్ట్ అయింది.

దాని కష్టాలన్నీ ఇంజిన్ బయటే. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది, గేర్‌బాక్స్ దించక తప్పలేదు. డైనమో, సెల్ఫ్ మోటార్ నిండా మట్టి. గేర్‌బాక్స్, క్రౌన్ (వెనక ఇరుసులోని గేర్లు) ఆయిల్ తెల్లగా నురగ కట్టింది. నీళ్లలో నడిచిన బండికి కూడా ఇది తప్పదు. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (గాలి ఆడే చిన్న కన్నం) లోంచి, పాత సీళ్ల లోంచి నీళ్లను లాక్కుంటుంది. ఇంజిన్ బాగుందని వదిలేస్తే తర్వాత చక్రాల హబ్ బేరింగులు ఏడుస్తాయి.

వైరింగ్ అయితే నరకం. వైర్లు కలిపే కప్లర్ల పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. ఒక్కోటి విప్పి, స్ప్రే కొట్టి, ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. ప్రెషర్ వాటర్ కొట్టి శుభ్రం చేస్తామనే కుర్రాళ్లను దూరంగా ఉంచాలి, ఉన్న తడి చాలక. బండి కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ పెడితే తప్పులు బారులు తీరతాయి, అందులో సగం ఎర్త్ సరిగా లేక వచ్చేవే. అందుకే ఎర్త్ పాయింట్లు గీకి శుభ్రం చేశాకే స్కానర్ మాట నమ్ముతాను.

డబ్బుల దగ్గర కూడా నా మొదటి ప్రశ్నే అక్కరకొచ్చింది. మామూలు ప్యాకేజీ ఇన్సూరెన్స్ పాలసీలు వరద నష్టానికి వర్తించినా, నీళ్లలో సెల్ఫ్ కొట్టి ఇంజిన్ లోపల పాడుచేసుకుంటే అది తర్వాత జరిగిన నష్టమని పక్కన పెట్టేస్తుంటారు, ఇంజిన్ కవర్ విడిగా తీసుకుని ఉంటే తప్ప. మొదటి బండికి సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. రెండో ఓనర్‌కి ఆ కవర్ లేదు.

కొత్త ఎయిర్ ఫిల్టర్‌తో పాటు ఆ రబ్బరు మూతి కూడా వేశాం. మొత్తం బిల్లులో అన్నిటికంటే తక్కువ రేటు దానిదే. బిల్లు చదువుతూ ఓనర్ ఆ లైను దగ్గర ఆగి, "ఇది వెయ్యకపోయినా నడుస్తుందిగా?" అని అడిగాడు.