మామిడి సీజన్‌కు ముందు స్టోర్స్ సర్దిన నా అనుభవం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకు ఏడాది అంటే జూన్, జూలై నెలలే. మిగతా నెలలన్నీ ఆ రెండింటికి తయారవడానికి, వాటి నుంచి తేరుకోవడానికి సరిపోతాయి. తోతాపురి దిగడం మొదలైందంటే గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతాయి. లోపల లైను ఆగిందని కాయ మగ్గడం ఆగదు. చిన్న రబ్బరు రింగు దొరక్క గంటసేపు లైను ఆగితే షిఫ్టు ఇన్‌ఛార్జి నుంచి యజమాని దాకా అందరికీ టెన్షనే.

అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్స్, అంటే మెషిన్ల విడి సామాను ఉంచే గది, చూస్తాను. అంతకుముందు అక్కడే అకౌంట్స్‌లో ఉండేదాన్ని. పాత ఇన్‌ఛార్జి రిటైర్ కాగానే "నువ్వు లెక్క బాగా చూస్తావు కదమ్మా" అంటూ మేనేజర్ గారు తాళాల గుత్తి నా చేతికిచ్చారు. పాతాయనకు ఏ వస్తువు ఏ మూల ఉందో నోటికి వచ్చు. ఆయన వెళ్లాక మిగిలింది స్టాక్ రిజిస్టరు ఒక్కటే. ఏ బిల్లు మీద ఏం వస్తే అవన్నీ ఒకే చోట పెట్టేవారు. పుస్తకంలో ఉన్న వస్తువు రాక్‌లో కనపడేది కాదు, రాక్‌లో ఉన్నది పుస్తకంలో వేరే పేరుతో ఉండేది. ఒకే బేరింగును ఒకచోట "పల్పర్ బేరింగ్" అని, ఇంకోచోట నంబరుతో, మరోచోట కంపెనీ పేరుతో రాసుకుని, మూడుసార్లు కొన్నారు.

నా మొదటి సీజన్ ఎట్లాగో గడిచింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, పరుగులు తప్ప. సంక్రాంతి దాటాక మేనేజర్ గారి దగ్గర ఇద్దరు హెల్పర్లను అడిగి తీసుకుని, కాయ మగ్గబెట్టే షెడ్డు అప్పటికి ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ టార్పాలిన్లు పరిచి స్టోర్స్ మొత్తం బయటికి తెప్పించాను.

బోల్టులు, నట్లు, ఫిట్టింగులు వేరు చేయడానికి ఒక అయస్కాంతం చాలు. మామూలు ఇనుము గట్టిగా అంటుకుంటుంది, మేం వాడే రకం స్టెయిన్‌లెస్ అంటుకోదు. స్టెయిన్‌లెస్ బోల్టుల్లో కొన్ని తయారీలో నొక్కుడు పడి కొద్దిగా లాగుతాయి, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. గుజ్జు తగిలే చోట మామూలు ఇనుప బోల్టు పడితే తుప్పు వస్తుంది, అందుకని ఈ పని తప్పనిసరి. అయితే స్టెయిన్‌లెస్‌లోనే ఉండే 304, 316 రకాలను అయస్కాంతం వేరు చేయలేదు. వాటికి పైన కొట్టిన అచ్చు చూడాలి, లేదా బిల్లు వెతకాలి.

రబ్బరు సామాను దగ్గర ఇంకా ఎక్కువ తల నొప్పి. నైట్రైల్, ఈపీడీఎం అనే రబ్బరు రకాలు రెండూ నల్లగానే ఉంటాయి, చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. ఈపీడీఎం ఆవిరికి, లైను కడిగే వేడి కాస్టిక్ నీళ్లకు నిలబడుతుంది కానీ నూనె, గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. నైట్రైల్‌కు నూనె ఏమీ చేయదు, ఆవిరి దగ్గర మాత్రం గట్టిపడి పగిలిపోతుంది. కవరు పోయి, ఏ రకమో రాసి లేని రింగులన్నీ ఒక సంచిలో పోసి పక్కన పడేశాను. "మంచి సామానమ్మా, పారేస్తావా?" అని అందరూ అడిగారు. మంచివే కావచ్చు. గుజ్జును వేడి చేసి క్రిములను చంపే స్టెరిలైజర్‌లో వేశాక మంచివి కావని తేలితే ఆ గుజ్జుకు ఎవరు జవాబు చెప్తారు? అసలు రబ్బరుకు ఎండ, వేడి పడవు, నడుస్తున్న మోటార్ల పక్కన పుట్టే ఓజోన్ కూడా పడదు. పాత స్టోర్స్‌లో, జాయింట్లు కారకుండా పెట్టే గాస్కెట్ల రాక్ సరిగ్గా పడమటి కిటికీ కిందే ఉండేది. ముందు దాన్ని అక్కడి నుంచి తీయించాను. మేకులకు తగిలించిన వీ-బెల్టులు కూడా వంగి ఆ వంపు అట్లాగే నిలిచిపోయాయి. వాటిని ఇప్పుడు పలకల మీద పరిచి పెడుతున్నాం.

బేరింగుల సంగతి పెద్ద ఫిట్టరన్న దగ్గర నేర్చుకున్నాను. నంబరులో చివరి రెండు అంకెలను అయిదుతో గుణిస్తే లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 6205 అంటే 25, 6206 అంటే 30. ఆ చివరి అంకెలు 04 నుంచి పైకి ఉంటేనే ఈ లెక్క పని చేస్తుంది. 6305కి కూడా లోపల 25 మిల్లీమీటర్లే, షాఫ్టుకు చక్కగా ఎక్కుతుంది. కానీ 6205కి బయటి వ్యాసం 52 అయితే దానికి 62, కాబట్టి బేరింగు కూర్చునే హౌసింగ్‌లో దూరదు. వెనక ఉండే అక్షరాలూ ముఖ్యమే. జెడ్‌జెడ్ అంటే ఇనుప మూత, 2ఆర్ఎస్ అంటే రబ్బరు సీలు. రోజూ నీళ్లు కొట్టి కడిగే మెషిన్ల మీద జెడ్‌జెడ్ వేస్తే నీళ్లు లోపలికి పోతాయి. మా పుస్తకంలో నంబరు వరకే ఉండేది, వెనక అక్షరాలు ఎవరూ రాయలేదు. మేం కొన్న వాటిలో సగం పనికిరాకుండా పోవడానికి అదే కారణం అనుకుంటున్నాను.

ఈ పెద్ద ఫిట్టరన్నకు సొంత పెట్టె ఒకటి ఉండేది, తాళం వేసి వర్క్‌షాపులో బెంచీ కింద. మెకానికల్ సీళ్లు, మంచి బేరింగులు, ఫ్యూజులు అందులో దాచుకునేవాడు. స్టోర్స్ లెక్క ప్రకారం అవన్నీ ఎప్పుడో ఖర్చయిపోయాయి. దాన్ని లాక్కోమని మేనేజర్ గారు నాకు చెప్పారు కానీ నాకు మనసొప్పలేదు. "ఎందుకన్నా దాచుకుంటావు?" అని అడిగితే, "రాత్రి రెండు గంటలకు నీ స్టోర్స్‌లో యాడుండాదో నువ్వే చెప్పలేవు కదమ్మా, నా పెట్టెలో అయితే నాకు తెలుసు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రాక్‌లు ఎట్లా అమర్చాలో ఆయన్నే అడగాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఏ మెషిన్ సామాను ఆ మెషిన్ పేరు మీద పెట్టాలనేది అందరూ ఇచ్చే సలహా. కాయలు కడిగే వాషర్, టెంకలు తీసే డీస్టోనర్, గుజ్జు తీసే పల్పర్, దాన్ని ఇంకా సన్నగా వడకట్టే ఫినిషర్, వేగంగా తిప్పి నలకలు వేరు చేసే డికాంటర్, స్టెరిలైజర్, గుజ్జు నింపే ఫిల్లర్, ఇట్లా లైను నడిచే వరసలోనే రాక్‌లు పెడదామన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఒకే 6206 నాలుగు మెషిన్లలో పడుతుంది. నాలుగు చోట్లా పంచితే ఒకచోట అయిపోయినప్పుడు పక్క రాక్‌లో ఉన్నది గుర్తుకు రాదు, కొత్తది కొంటాం. అన్నింటినీ సైజు ప్రకారం పెడదామా అంటే, డికాంటర్ సామాను వేరే ఏ మెషిన్‌కూ పడదు, దాన్ని సైజుతో వెతికేవాళ్లు ఉండరు. ఆఖరికి రెండూ చేశాం. బేరింగులు, బెల్టులు, ఓ-రింగులు, క్లాంపు గాస్కెట్లు సైజు వరసలో ఒక వైపు, ఒక్క మెషిన్‌కే పడేవి మెషిన్ వరసలో ఇంకో వైపు. ప్రతి మెషిన్‌కూ ఒక అట్ట కార్డు రాసి, దానికి పడే బేరింగు, బెల్టు, సీలు నంబర్లు, అవి ఉన్న రాక్ నంబరు అందులో ఎక్కించాం. లామినేషన్ చేయించిన ఒక ప్రతి మెషిన్ పక్కన, ఇంకొకటి స్టోర్స్ తలుపు మీద. పల్పర్ బేరింగు పోతే మెషిన్ దగ్గరే నంబరు చూసుకుని వస్తారు. పల్పర్ జల్లెడలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే సొట్టలు పడతాయి, అందుకే వాటిని విడివిడిగా నిలబెట్టడానికి చెక్క గూళ్లు చేయించాం.

ఏది ఎంత ఉండాలన్నది నిర్ణయించేటప్పుడు నాలోని అకౌంటెంటు కొన్నాళ్లు అడ్డుపడింది. ఏడాదిలో వాడే సరుకు విలువను బట్టి ఏ, బీ, సీ అని విడదీసే పద్ధతి నాకు అలవాటు. మెషిన్ స్పేర్లకు అది సరిపోదు. బాయిలర్ గేజ్ గ్లాసు ఖరీదు ఎంతని? అది పగిలి ఇంకొకటి లేకపోతే లోపల నీటి మట్టం కనపడదు, బాయిలర్ ఆపాల్సిందే, ఆవిరి లేకపోతే ఫ్యాక్టరీ మొత్తం ఆగినట్టే. స్టెరిలైజర్‌లో ఉష్ణోగ్రత చూపే పీటీ-100 సెన్సరూ అంతే, అది తప్పు చూపిస్తే నింపిన డ్రమ్ములను నమ్మి పంపలేం. కాబట్టి ఒక్కో వస్తువునూ పట్టుకుని "ఇది లేకపోతే లైను ఆగుతుందా, కుంటుతుందా, ఏమీ కాదా?" అని ఫిట్టర్లను అడిగి రాసుకున్నాం. ఆపేవాటికి ఎర్ర చీటీ. ఆ చీటీ ఉన్న వస్తువు ఒక్కటి కూడా సున్నాకు పోకూడదు.

ఆడిటర్ గారితో గొడవ కూడా ఇక్కడే వచ్చింది. ఆరు నెలలుగా కదలని సరుకు జాబితా తీసి, డబ్బు ఊరికే నిలిచిపోయింది, అమ్మేయమన్నారు. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలో అది సరైన మాటే. మా దగ్గర ఫిబ్రవరిలో ఆ జాబితా తీస్తే పల్పర్ జల్లెడలు, ఫిల్లర్ సీళ్లు, డికాంటర్ బెల్టులు, అన్నీ కదలనివే! రెండు సీజన్లు చూసి, రెండింటిలోనూ ముట్టనిదాన్ని, అందులోనూ ఎర్ర చీటీ లేనిదాన్ని మాత్రమే అమ్మకానికి పెడదామని చెప్పి ఒప్పించాను. ఎన్ని ఉంచాలన్న లెక్క కూడా నెలను బట్టి మారుతుంది. మామూలు సూత్రం తేలికే. రోజుకు 2 వాడితే, తెప్పించడానికి 5 రోజులు పడితే, 10 ఉన్నప్పుడే ఆర్డరు పెట్టాలి, పైన కొంత అదనం ఉండాలి. కానీ జనవరిలో వాడకం లేదు కాబట్టి సూత్రం సున్నా చూపిస్తుంది, జూన్‌లో అదే వస్తువు కోసం చెన్నైలోని ప్యారీస్ కార్నర్ దుకాణాలకు మనిషిని పంపాల్సి వస్తుంది. ఆ రోజు ఆదివారమైతే అంతే సంగతులు. అందుకని ఏప్రిల్ ఆఖరుకు స్టాకు నిండుగా ఉండాలి, ఆగస్టుకు తగ్గిపోవాలి. రబ్బరు సామానైతే మిగలకుండా కొనడమే మేలు, మిగిలింది రాక్‌లోనే ముసలిదవుతుంది.

బోల్టులు, టెఫ్లాన్ టేపు, హోస్ క్లాంపుల్లాంటి వాటికి చీటీలు, సంతకాలు తీసేశాను. రెండేసి డబ్బాలు పెట్టాం. ముందు డబ్బా ఖాళీ అయితే వెనకది ముందుకు జరిపి, ఖాళీ డబ్బాను నా టేబుల్ మీద పెట్టాలి. నేను చేయాల్సిందల్లా దాన్ని నింపించడమే. టొయోటా కంపెనీ కాన్‌బాన్ పద్ధతిలో కొంచెం ముక్క ఇది. రేణిగుంట వైపు పెద్ద ఫ్యాక్టరీలో చేసే మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. గోడ మీద పనిముట్ల బొమ్మలు గీసి, ఏది ఎక్కడ తగిలించాలో చూపించే బోర్డు కూడా వాడు చెప్పిందే. అది మా దగ్గర నడవలేదు. ఇప్పుడు ఆ గోడ మీద బొమ్మలు మాత్రం అందంగా ఉన్నాయి, స్పానర్లు ఎవరి జేబులో ఉన్నాయో తెలియదు.

రాత్రి షిఫ్టుకు తాళం ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది. తీసుకున్నవాళ్లు తలుపు దగ్గర వేలాడే పుస్తకంలో వస్తువు, మెషిన్ పేరు రాసి, ఊడదీసిన పాత సామాను పక్కనున్న క్రేటులో వేయాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు. పాతది వేయకపోతే కొత్తది రాసుకోవడం కుదరదని ఇన్‌ఛార్జి గట్టిగా నిలబడ్డాక అలవాటైంది. పెద్ద ఫిట్టరన్న తన పెట్టె సామాను జూన్ మొదట్లో తనంతట తనే తెచ్చి రాక్‌లో పెట్టించాడు, ఫ్యూజులు తప్ప. ఫ్యూజులు నేను అడగలేదు.

సీజన్ అయ్యాక ఆగస్టులో ఆ క్రేటు కుమ్మరించి ఫిట్టర్లతో కలిసి కూర్చున్నాం. స్క్రూ పంపుల్లో స్క్రూ చుట్టూ ఉండే రబ్బరు స్టేటర్లు కుప్పగా ఉన్నాయి. పుస్తకంతో సరిచూస్తే ఎక్కువ భాగం ఫినిషర్ కింద ఉన్న ఒక్క పంపువే. లోపల రబ్బరు మాడి చిరిగిపోయి ఉంది. ఆ పంపు పొడిగా తిరగకూడదు, గుజ్జు లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా రబ్బరు కాలుతుంది. దాని మీదున్న తొట్టి ఖాళీ అయినా పంపు తిరుగుతూనే ఉందని అప్పుడు అర్థమైంది. అంతకుముందు ఏడాది అయితే నాలుగు స్టేటర్లు ఎక్కువ కొనమని రాసేదాన్ని. ఈసారి ఇండెంటులో, అంటే కొనాల్సిన సరుకు జాబితాలో, స్టేటర్లు తగ్గించి, తొట్టి ఖాళీ అయితే పంపును ఆపే ఒక లెవెల్ స్విచ్ రాశాను. అది వచ్చింది, ఎలక్ట్రీషియన్ బిగించేశాడు. ప్లేటు హీటర్‌కు అదనపు గాస్కెట్ సెట్టు కూడా అడిగాను, ఖరీదు చూసి యజమాని గారు పక్కన పెట్టారు. ఫిబ్రవరిలో మళ్లీ అడుగుతాను.