గరిక ఉండ్రాళ్ళకు ఏమవుతుంది?

వినాయక చవితి పూజ ఎంత నిదానంగా మొదలుపెట్టినా, ఒక చోటికి వచ్చేసరికి అందరికీ తొందర పుడుతుంది. ఏకవింశతి పత్ర పూజ దగ్గర. పుస్తకం పట్టుకున్నవాళ్ళు గబగబా నామాలు చదువుతుంటారు, పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళు చేతికి అందిన ఆకు తుంచి వేస్తుంటారు. బృహతీపత్రం అన్నప్పుడు రేగాకు పడుతుంది, బదరీపత్రం అన్నప్పుడు మామిడాకు పడుతుంది. వంటింట్లోంచి కుడుముల వాసన వస్తుంటే ఇరవై ఒక్క ఆకులను విడివిడిగా వెతికే ఓపిక ఎవరికుంటుంది? మా ఇంట్లోనూ చాలా ఏళ్ళు ఇదే వరస.

మూడేళ్ళ కిందట, బజారులో అమ్మే పత్రి కట్టలో సగం ఏవో ముళ్ళకంప రెమ్మలేనని విసుగొచ్చి, ఈసారి నేనే కోసుకొస్తానని బయల్దేరాను. మా కాలనీ చివర ఖాళీ స్థలంలో, వానలకు నడుమెత్తు పెరిగిన పిచ్చిమొక్కల మధ్య, చీలికలు చీలికలుగా ఉన్న ఆకులు కనిపించాయి. మాచీపత్రం దొరికిందని సంబరంగా ఒక కౌగిలెడు కోశాను. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. అమ్మ ఆ మోపును చూసి, "ఇదేం మాచిపత్రిరా, వయ్యారిభామ! వాసన చూడకుండానే కోశావా?" అంది.

తర్వాత కుదురుగా చదివితే తెలిసింది, నేను తెచ్చింది పరాయి మొక్కను కాదు, దాయాదిని. మాచిపత్రి, వయ్యారిభామ రెండూ చేమంతి కుటుంబానివే. బంతి, పొద్దుతిరుగుడు, గడ్డిచేమంతి కూడా ఆ ఇంటివే. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం తేలిక. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక గుంపు. బంతిపువ్వును విప్పితే వచ్చే ఒక్కో రేకూ దానికదే ఒక చిన్న పువ్వు. కాకపోతే, ఒకే ఇంట్లో పుట్టినా గుణాలు వేరు. మాచిపత్రి ఆకు వెనకవైపు బూడిద రంగులో నూగుగా ఉంటుంది, నలిపితే కమ్మని ఘాటు వాసన. వయ్యారిభామ చాలామందికి ఒంటికి పడదు.

ఆ దద్దుర్లు తగ్గేలోపు ఇంకో సంగతి కూడా పట్టుకుంది నన్ను. పూజలో మిగతా ఉపచారాల్లో చాలావాటికి "సమర్పయామి" అంటాం. ధూపం, దీపం దగ్గర మాటలు వేరు. పత్రి దగ్గరికి వచ్చేసరికి "సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి" అంటాం. ఉన్నదున్నట్టు అర్థం చెప్పుకుంటే "మాచిపత్రిని పూజిస్తున్నాను" అని. అంగపూజలో "పాదౌ పూజయామి" అంటే పాదాలను పూజిస్తున్నానని కదా, అలాగే. ఆకుతో పూజిస్తున్నానని అన్వయం చెప్పుకోవాలని పెద్దలు అంటారు, కాదనను. నాకు మాత్రం ఆ మాట పైకి చెప్పేదే పట్టుకుంది. ఎవరిని పూజిస్తున్నామో కనీసం పేరూ ఊరూ తెలియాలి కదా.

మొక్కకు ఊరంటే దాని కుటుంబమే. వృక్షశాస్త్రజ్ఞులు కూడా కుటుంబం అనే మాటే వాడతారు. 2016లో వచ్చిన వర్గీకరణ ప్రకారం పూలు పూసే మొక్కలకు 416 కుటుంబాలు. అందులో మన పళ్ళెంలోకి ఎన్ని వస్తాయా అని ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్కేశాను. పువ్వే పూయని దేవదారును, ఏ మొక్కో తేలని గండకీ పత్రాన్ని పక్కన పెడితే మిగిలిన 19 ఆకులూ 15 కుటుంబాలవి. ఇంత చిన్న పళ్ళెంలో అంత పెద్ద బంధువర్గం.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గరిక. గజాననాయ నమః, దూర్వాయుగ్మం పూజయామి. అనలాసురుణ్ణి మింగి ఒళ్ళంతా మంటెత్తిన స్వామికి మునులు 21 గరికపోచలు పెడితే చల్లబడ్డాడని కథ. ఎండాకాలంలో ముక్కు నుంచి రక్తం కారితే గరిక రసం పిండే అలవాటు ఇళ్ళలో ఉండేది. ఒక గరికపోచ పీకి చూడండి. కాడ మీద కణుపు కణుపుకీ ఒక ఆకు పుట్టి, కాడను ఒరలా చుట్టుకుని తర్వాత విచ్చుకుంటుంది. చివర గొడుగు ఊచల్లా నాలుగైదు సన్నటి వెన్నులు, అవే దాని పూలు. రంగు లేదు, రేకులు లేవు. ఇప్పుడు పక్కనే ఒక వరిమొక్క పెట్టి చూడండి. అదే ఒర, అదే కణుపు, అలాగే రంగూ రేకులూ లేని పువ్వు. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. స్వామి తల మీద పెట్టిన గరిక, కాళ్ళ దగ్గర పళ్ళెంలో పెట్టిన ఉండ్రాళ్ళు అక్కచెల్లెళ్ళన్నమాట. పాలవెల్లికి కట్టిన మొక్కజొన్న పొత్తు కూడా వాళ్ళ చుట్టమే. ఇది తెలిశాక ఆ పీటను చూసే చూపు మారిపోయింది నాకు.

మారేడు దగ్గర ఇంకో సరదా ఉంది. ఉమాపుత్రాయ నమః, బిల్వపత్రం పూజయామి. మారేడాకును వెలుతురుకు పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నిమ్మాకులో, నారింజాకులో, కరివేపాకులో కూడా అవే చుక్కలు. నలిపితే వాసన వచ్చేది వాటివల్లే. నిమ్మ కుటుంబం ఇది. పాలవెల్లికి వేలాడే వెలగపండుదీ ఇదే ఇల్లు. "కపిత్థ జంబూ ఫలసార భక్షితం" అని మనం రోజూ చదువుకునే శ్లోకంలో కపిత్థం అంటే వెలగే. కొడుక్కి ఇష్టమైన పండూ, తండ్రికి ఇష్టమైన ఆకూ ఒకే వంశానివి! పచ్చి మారేడుకాయ గుజ్జు విరేచనాలకు ఇవ్వడం ఆయుర్వేదంలో ఉంది. వెలగపండు మనకు పచ్చడి అవుతుంది. రోజూ పోపులో కరివేపాకు వేస్తూ, అది మారేడుకు చుట్టమని ఎన్నడైనా అనుకున్నామా?

తులసి ఏడాది పొడుగునా గణపతి పూజకు పనికిరాదు, చవితినాడు ఒక్కరోజే దానికి అనుమతి. ఆ రోజు తులసి ఒంటరిగా రాదు. మరువం వస్తుంది, వావిలి వస్తుంది. మూడూ ఒకే కుటుంబం. లేత కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే గుండ్రంగా తిరగదు, నాలుగు పలకలు తగులుతాయి. పువ్వు రెండు పెదవులుగా తెరుచుకుంటుంది. మన పుదీనా కూడా అంతే. వావిలిని మాత్రం శాస్త్రజ్ఞులు చాలాకాలం వేరే కుటుంబంలో ఉంచి, తర్వాత తులసి ఇంటికి మార్చారు. బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసే మన ఊళ్ళలో ఈ మార్పిడి ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. వేడినీళ్ళకు ఆ వాసన ఎక్కితే చాలు.

ఇక ఉమ్మెత్త. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. హరసూనవే నమః, దత్తూరపత్రం పూజయామి. ఇరవై ఒక్క నామాల్లో "హరుడి కొడుకు" అన్న పేరు సరిగ్గా ఈ ఆకు దగ్గరే వస్తుంది. విషం మింగినవాడి కొడుక్కి విషపు ఆకు. ఉమ్మెత్తలో ఆకు, గింజ, పువ్వు అన్నీ విషమే. గింజలు తింటే మతి చలిస్తుంది, ప్రాణమే పోవచ్చు. అయితే అంతకు ముందు గణాధిపాయ నమః అని పెట్టిన బృహతీపత్రం, అంటే వాకుడు, దీని సొంత కుటుంబమే. వాకుడు పువ్వును దగ్గరగా చూడండి, వంకాయ పువ్వును చిన్నది చేసినట్టుంటుంది. ఊదారంగు నక్షత్రం, మధ్యలో పసుపు మొన. వంకాయ, టమాటా, మిర్చి, బంగాళదుంప అన్నీ ఈ ఇంటివే. మన వంటిల్లు సగం ఉమ్మెత్త బంధువులతోనే నడుస్తోంది.

అంతటితో అయిపోలేదు. ఉమ్మెత్తలాంటి ఈ కుటుంబపు కొన్ని మొక్కల్లో ఉండే అట్రోపిన్ అనే పదార్థాన్నే, కొన్ని రకాల పురుగుమందులు మింగినవాళ్ళకు ఆసుపత్రిలో విరుగుడుగా ఎక్కిస్తారు. పంట పోయి, అప్పు పెరిగి, చేతికి దొరికిన డబ్బా ఎత్తిన రైతును కొన్నిసార్లు వెనక్కి తెచ్చేది ఈ విషపు చెట్ల సారమే. డాక్టరు చేతిలో, కొలత ప్రకారం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించే వైద్యం కాదిది. వంకాయ మంచిదైతే దాని చుట్టాలన్నీ మంచివే అనుకోకూడదు. కుటుంబం తెలిస్తే మొక్క ఎవరిదో తెలుస్తుంది, ఎలాంటిదో తెలియదు. మన ఇళ్ళలో కూడా అంతే కదా.

గన్నేరు సంగతీ ఇలాంటిదే. వికటాయ నమః, కరవీరపత్రం. పూజకు పూలు కోసుకునే చెట్టే, కానీ అణువణువునా విషం. దాని కుటుంబంలోదే బిళ్ళగన్నేరు, పెరట్లో గులాబీ రంగులో ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు దాన్నుంచే వచ్చింది. కపిలాయ నమః అని చివర పెట్టే జిల్లేడు కూడా వీళ్ళ మనిషే. తుంచితే పాలు కారతాయి. పాలు కారినంత మాత్రాన అన్నీ ఒక్కటే అనుకుంటే మళ్ళీ నా మాచిపత్రి కథే అవుతుంది. రావికీ పాలు కారతాయి, అది మర్రి, మేడి, పనసల కుటుంబం. రావి పువ్వు బయటికి కనపడదు, కాయ లోపలే పూస్తుంది. మేడిపండు విప్పితే పురుగులని వెక్కిరిస్తాం గానీ, అలాంటి కీటకమే ఆ చీకట్లోకి దూరి పుప్పొడి అందించకపోతే రావికి విత్తనమే లేదు.

పూజ అయ్యాక పత్రిని పశువులు మేసే చోట పారేయకండి. గన్నేరూ ఉమ్మెత్తా అందులో ఉన్నాయని వాటికి తెలియదు. పిల్లలు ఆకులు తుంచి ఇస్తే, ఉండ్రాళ్ళు చేతిలో పెట్టే ముందు చేతులు కడిగించండి.

మిగతావాటిలో ఉత్తరేణి తోటకూర ఇంటిది, బతుకమ్మలో పేర్చే గునుగుకు దగ్గరి చుట్టం. విష్ణుక్రాంతం చిలగడదుంపకు చుట్టం. దానిమ్మ, గోరింట ఒకే కుటుంబమని తెలిసినప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళు నమ్మలేదు. దానిమ్మ పూరేకు నలిగిన పట్టుగుడ్డలా ముడతలు పడి ఉంటుంది, గోరింట రేకును భూతద్దంలో చూస్తే అదే ముడత. తెల్లమద్ది బెరడును గుండెకు మంచిదని ఆయుర్వేదం చెబుతుంది. త్రిఫలల్లో కరక్కాయ, తానికాయ దాని తోడబుట్టినవే, ఉసిరి మాత్రం వేరే ఇంటిది. జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో ఆంజనేయస్వామి ఆ మద్దిచెట్టు తొర్రలోనే వెలిశాడు, పేరే మద్ది ఆంజనేయుడు.

దేవదారు హిమాలయాల చెట్టు. అది పువ్వే పూయదు, పైన్ చెట్టులా కాయలాంటి బుడిపెలు కాస్తుంది. మన వీధుల్లో అశోకమని పిలిచే పొడుగాటి నరమామిడి ఆకును దాని బదులు పెట్టేవాళ్ళున్నారు. అది సీతాఫలం కుటుంబం. మేమూ అదే పెడుతున్నాం.

పోయిన చవితికి పళ్ళెంలో ఆకులన్నీ వరసగా విడివిడిగా పేర్చాం. అమ్మ పేరు చదవడం, మా పాప ఆకు వెతికి నలిపి వాసన చూసి ఇవ్వడం. పత్రపూజకే ముప్పావుగంట పట్టింది, కుడుములు చల్లారిపోయాయి. సురాగ్రజాయ నమః, గండకీపత్రం దగ్గర పాప చెయ్యి ఆగింది. అదేమిటో ఊరికో మొక్కను చూపిస్తారు. అమ్మ అద్దాల మీంచి చూసి, "లేనిదానికి అక్షింతలు వెయ్యమ్మా" అంది.